ప్రతి ఫ్రేముకీ నడిచే కోడ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో ఆటలకు మనమే చిన్న యాడాన్లు (ఆటకి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) రాసుకోవడం గురించి చెప్పాను. ఆన్‌లైన్ ఆట అయిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ని ఉదాహరణగా తీసుకుని, లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్లు రాసి తెర మీద ఒక పెట్టె చూపించడం దాకా వచ్చాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చోట చిక్కుకున్నాయి. దాని పేరు ఆన్‌అప్‌డేట్. అందుకే ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేశాను.

ఉత్తరాలకు ముందు రెండు మాటలు. తెర మీద బొమ్మ కదులుతున్నట్టు కనబడాలంటే ఆట ఆ బొమ్మని సెకనుకు ఎన్నోసార్లు కొత్తగా గీస్తూ ఉండాలి. అలా గీసిన ఒక్కో బొమ్మనీ ఫ్రేము అంటారు. బొమ్మ గీసే ప్రతిసారీ ఆట మన కోడ్‌ని కూడా ఒకసారి పిలుస్తుంది. అలా పిలిపించుకునే కోడ్ ముక్కే, అంటే ఫంక్షనే, కాల్‌బ్యాక్. ఆన్‌అప్‌డేట్‌కి మనం ఒక ఫంక్షన్ తగిలిస్తే, ఆ క్షణం నుంచి ప్రతి ఫ్రేముకీ అది నడుస్తుంది. ఇంకో సంగతి. ఈ ఆటలో తెర మీద మనం పెట్టుకునే పెట్టెని కూడా ఫ్రేము అనే పిలుస్తారు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. కాబట్టి ఈ పేజీలో బొమ్మని ఫ్రేము అంటాను, పెట్టెని పెట్టె అనే అంటాను.

కోడ్‌ని ఇక్కడ అచ్చు వేయడం లేదు, మాటల్లోనే చెబుతున్నాను. నిదానంగా చదివి మీ చేత్తో మీరు టైప్ చేసుకోండి. అలా రాసుకున్నదే గుర్తుంటుంది.

ప్రశ్న: మేడమ్, పది సెకన్ల కౌంట్‌డౌన్ చూపించే యాడాన్ రాశాను. మా కంప్యూటర్లో సెకనుకు 60 ఫ్రేములు వస్తాయి కాబట్టి, ఆన్‌అప్‌డేట్ 600 సార్లు నడవగానే "అయిపోయింది" అని చూపించమన్నాను. నా దగ్గర సరిగ్గానే ఉంది. మా బావ కొత్త గేమింగ్ పీసీలో మాత్రం నాలుగు సెకన్లకే అయిపోతోంది. మా చెల్లి పాత ల్యాప్‌టాప్‌లో ఇరవై సెకన్లు దాటినా ఇంకా నడుస్తూనే ఉంది. కోడ్ ఒక్కటే కదా, ఎందుకిలా?
– డిగ్రీ విద్యార్థి, రాజోలు

జవాబు: తమ్ముడూ, మూడు కంప్యూటర్లలో పెట్టి చూశావు చూడు, అది చాలా మంచి పని. తన దగ్గర పనిచేసింది కదా అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. నీ కోడ్ నువ్వు చెప్పిందే చేసింది. కాకపోతే నువ్వు దాన్ని లెక్కపెట్టమన్నది సెకన్లని కాదు, ఫ్రేముల్ని.

చిన్నప్పుడు మా నాన్నగారు చేను గట్టు పొడవు చూడాలంటే అడుగులు వేసుకుంటూ నడిచేవారు. నేను పక్కనే నడుస్తూ నా అడుగులు లెక్కపెట్టుకునేదాన్ని. ఆయన వంద అనే చోటికి నాకు నూట యాభై దాటేవి. గట్టు అదే, అడుగే వేరు. ఫ్రేము కూడా అడుగులాంటిదే, ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో పొడవు. మీ బావగారి పీసీ సెకనుకు 144 ఫ్రేములు గీస్తుంటే నీ 600 ఫ్రేములు 4.17 సెకన్లకే పూర్తవుతాయి. మీ చెల్లి ల్యాప్‌టాప్ 25 గీస్తుంటే 24 సెకన్లు పడుతుంది. ఒకే కంప్యూటర్లోనైనా ఆటలో ఊరి మధ్యలో నిలబడ్డప్పుడు ఒక లెక్క, ఖాళీ మైదానంలో ఉన్నప్పుడు ఒక లెక్క వస్తుంది.

దీనికి మందు ఆట మన చేతికే ఇస్తోంది. ఆన్‌అప్‌డేట్ మన ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు రెండు విలువలు పంపుతుంది. మొదటిది పెట్టె. రెండోది, కిందటి ఫ్రేము నుంచి ఈ ఫ్రేముకి గడిచిన కాలం, సెకన్లలో. దీన్ని అందరూ ఎలాప్స్‌డ్ అని రాస్తారు. సెకనుకు 60 ఫ్రేములైతే అది సుమారు 0.0167, 25 అయితే 0.04. ప్రతిసారీ దీన్ని ఒక మొత్తానికి కలుపుకుంటూ వెళ్తే ఏ కంప్యూటర్లోనైనా పది సెకన్లు పది సెకన్లే. పాత ట్యుటోరియల్స్‌లో ఈ విలువని ఆర్గ్‌వన్ అనే పేరుతో తీసుకోవడం కనిపిస్తుంది. 2010లో 4.0 ప్యాచ్, అంటే ఆటకి కొత్త మార్పుల విడుదల, వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఎక్కడి నుంచైనా తెచ్చి అతికించిన కోడ్ "నిల్‌తో కూడిక కుదరదు" అని (నిల్ అంటే విలువే లేదని) ఎర్రర్ ఇస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇక్కడితో ఆగిపోతే ఇంకో గోతిలో పడతావు. సెకనులో పదో వంతుకి ఒకసారి అంకె మార్చాలనుకున్నావనుకో. మొత్తం 0.1 దాటగానే అంకె మార్చి, మొత్తాన్ని సున్నా చేస్తావు. అందరూ మొదట చేసేది ఇదే. మీ చెల్లి ల్యాప్‌టాప్‌లో ఏం జరుగుతుందో వేలితో లెక్కపెట్టి చూడు. మొదటి ఫ్రేముకి 0.04, రెండోదానికి 0.08, మూడోదానికి 0.12. 0.1 దాటింది కాబట్టి అంకె మార్చి సున్నా చేశావు. ఆ మిగిలిన 0.02 ఎటు పోయింది? పారబోశావు. ప్రతి విడతలోనూ అంతే పోతుంది. నువ్వు 0.1 అనుకున్న ప్రతి విడతా నిజానికి 0.12 తీసుకుంటోంది. వంద విడతలు పూర్తయ్యేసరికి గడియారంలో పన్నెండు సెకన్లు. సున్నా చేయకుండా మొత్తంలోంచి 0.1 తీసెయ్. మిగిలింది తర్వాతి విడతకి కలుస్తుంది.

కౌంట్‌డౌన్‌కి మాత్రం నేను కూడికలు పెట్టుకోను. మొదలుపెట్టినప్పుడే, ఇప్పటి సమయం సెకన్లలో చెప్పే గెట్‌టైమ్‌ని అడిగి, దానికి పది కలిపి, "ముగిసే సమయం" అని దాచుకుంటాను. ఆ తర్వాత ఎప్పుడు చూసినా ముగిసే సమయంలోంచి ఇప్పటి సమయం తీసేస్తే మిగిలినది తెలుస్తుంది. మధ్యలో ఆట రెండు సెకన్లు బిగుసుకుపోయినా లెక్క తప్పదు. మన తీర్థానికి వెళ్లే బస్సు ఐదున్నరకి అని తెలిస్తే గడియారం చూసుకుంటాం గానీ, పొద్దున్నుంచీ గడిచిన నిమిషాలు కూడుతూ కూర్చోం కదా.

ఆఖరున ఒక్క మాట. తెర మీద "7" అని కనిపిస్తున్న ఆ ఒక్క సెకనులోనే నీ కోడ్ అరవైసార్లు "7" అనే అక్షరాన్ని తయారుచేసి అరవైసార్లు పెట్టె మీద రాస్తోంది. కిందటిసారి రాసిన అంకె గుర్తుపెట్టుకుని, అది మారితేనే రాయమను. ఒక్క "ఇఫ్" చాలు. అంకె సున్నాకి రాగానే, పెట్టెకి ఫంక్షన్ తగిలించే సెట్‌స్క్రిప్ట్‌తో ఆన్‌అప్‌డేట్‌కి నిల్ ఇచ్చి ఆపేయడం మర్చిపోకు. పని అయిపోయాక కూడా తిరుగుతూ ఉండే కాల్‌బ్యాక్‌లే ఆటని బరువెక్కిస్తాయి.

ప్రశ్న: నా యాడాన్‌లో ఒక బటన్ నొక్కితే పెట్టె దాగిపోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. పెట్టె దాగి ఉన్నంతసేపూ లోపల లెక్క కూడా ఆగిపోతోంది. రెండు రోజుల నుంచి వెతుకుతున్నాను, తప్పు దొరకలేదు.
– నరసాపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తప్పు లేదమ్మా, దాని తీరే అంత. దాగి ఉన్న పెట్టెకి ఆన్‌అప్‌డేట్ పిలుపు రాదు. దాని తల్లి పెట్టెని దాచినా అంతే, లోపలున్న పిల్ల పెట్టెలన్నిటికీ పిలుపు ఆగిపోతుంది. దీని లోపల కాకుండా విడిగా, కంటికి కనబడని ఇంకో పెట్టె తయారుచేసి ఆ పని దానికి అప్పగించు. బొమ్మ గానీ రంగు గానీ ఇవ్వని పెట్టె తెర మీద ఏమీ చూపించదు, కానీ దాచలేదు కాబట్టి దానికి పిలుపు వస్తుంది. అసలు పెట్టె ఎలా దాగినా లెక్క దాని పాటికి అది నడుస్తుంది. ఇదే గుణాన్ని మనకి అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. పని లేనప్పుడు పెట్టెని దాచేస్తే చాలు, కోడ్ దానంతటదే నిద్రపోతుంది.

ప్రశ్న: అక్కా, నా సంచుల్లో మూలికలు ఎన్ని ఉన్నాయో తెర మూలన చూపించే యాడాన్ రాశాను. ఆన్‌అప్‌డేట్‌లో ఐదు సంచులూ మొత్తం వెతికి లెక్కపెడుతుంది. అంకె కరెక్టుగానే వస్తోంది. కానీ యాడాన్ ఆన్ చేస్తే ఆట ముక్కలు ముక్కలుగా నడుస్తోంది. ప్రతి ఫ్రేముకీ చూడకపోతే అంకె పాతబడిపోతుందేమోనని భయం. ఏం చేయాలి?
– ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, భీమవరం

జవాబు: ఈ ప్రశ్న చదవగానే నాకు 2009 నాటి ఒక రాత్రి గుర్తొచ్చింది. అప్పట్లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శనివారాలు ఈ ఆట ఆడేదాన్ని. ఇరవై ఐదు మందిమి కలిసి ఒక పెద్ద రాక్షసుడి మీదకి వెళ్లేవాళ్లం. అందరి మీదా ఏ ఏ మంత్రాలు పనిచేస్తున్నాయో ఒకే చోట చూపించే యాడాన్ ఒకటి నేనే రాసి జట్టులో అందరికీ ఇచ్చాను. ఇంట్లో ఒక్కదాన్నే పరీక్షించినప్పుడు చక్కగా ఉంది. ఆ రాత్రి యుద్ధం సగంలో ఉండగా వాయిస్ చాట్‌లో వైజాగ్ కుర్రాడు "అక్కా, స్క్రీను ఆగి ఆగి వస్తోంది" అన్నాడు. ఇంకొకరు "నాకూ అంతే" అన్నారు. అందరం ఓడిపోయాం. రాత్రి ఒంటిగంటకి అందరూ వెళ్లిపోయాక నేను యాడాన్లన్నీ ఒక్కొక్కటే ఆపుతూ చూశాను. నాది ఆపగానే బొమ్మ నీళ్లలా సాగింది.

తప్పు ఎక్కడుందో కాగితం మీద లెక్క వేస్తే గానీ నాకు అర్థం కాలేదు. ఇరవై ఐదు మంది, ఒక్కొక్కరి మీద ఇరవై మంత్రాలు చొప్పున ఐదు వందలు. ఒక్కో దానికి అప్పటి యూనిట్‌బఫ్ ఫంక్షన్‌ని ఒకసారి అడగాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ముప్పై వేలసార్లు అడుగుతున్నాను. ఆ మంత్రాలేమో అరక్షణానికి మారేవి కాదు, చాలావాటి గడువు నిమిషాల్లో ఉంటుంది. ఒంటరిగా పరీక్షించినప్పుడు నేను ఒక్కదాన్నే కాబట్టి ఆ బరువు తెలియలేదు.

నీ సంచులకీ ఈ లెక్క వేసి చూడు. ఐదు సంచుల్లో కలిపి ఒక 150 అరలున్నాయనుకుందాం. సెకనుకు తొమ్మిది వేలసార్లు అరలు తెరిచి చూస్తున్నావు. అంతసేపూ నువ్వేమో గుర్రం మీద ఎక్కడికో పోతున్నావు, సంచిలో ఒక్క ఆకు కూడా పడలేదు.

సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లే ఉంటాయి. బొమ్మ గీయడం, ఆట సొంత లెక్కలు, నీ యాడాన్, పక్కవాళ్ల యాడాన్లు, అన్నీ ఆ కాలంలోనే తెమలాలి. మన డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి కాలవకి వదిలే నీళ్లు ఇన్ని అని ఉంటాయి. ఎగువ రైతు తూము పగలూ రాత్రీ తెరిచే ఉంచితే శివారు చేను ఎండుతుంది. తన చేను నిండి గట్టు మీంచి పొర్లిపోతున్నా కిందవాళ్లకి మాత్రం అందదు. నీ యాడాన్‌కి అక్కర్లేని ప్రతి మిల్లీసెకనూ అలా పొర్లిపోయే నీరే. దాళ్వాలో నీళ్లు చాలనప్పుడు వంతులవారీ పెడతారు కదా, మనం చేయాల్సిందీ అదే.

వంతు పెట్టుకోవడానికి పైన రాజోలు తమ్ముడికి చెప్పిన పద్ధతి ఉంది. ఎలాప్స్‌డ్‌ని కలుపుకుంటూ అర సెకనుకో, సెకనుకో ఒకసారి మాత్రమే అసలు పని చేయించడం. ఇంకా తేలిక దారి కూడా ఉంది. 2014లో 6.0 ప్యాచ్‌తో సీ-టైమర్ వచ్చింది. "ఇన్ని సెకన్ల తర్వాత ఒకసారి" అంటే దాంట్లో ఆఫ్టర్, "ఇన్ని సెకన్లకోసారి" అంటే న్యూటికర్. టికర్‌ని ఒక పేరుతో దాచుకుంటే వద్దనుకున్నప్పుడు క్యాన్సిల్ చేయొచ్చు. కూడికలూ తీసివేతలూ మన నెత్తిన ఉండవు.

అయితే నీ సంచుల విషయంలో వంతు కూడా అక్కర్లేదు. సంచిలో ఏదైనా మారినప్పుడు ఆటే నీకు కబురు చేస్తుంది. ఆ కబురునే ఈవెంట్ అంటారు. బ్యాగ్ అప్‌డేట్ డిలేయ్‌డ్ అనే ఈవెంట్‌కి పెట్టెని రిజిస్టర్ చేయించి, ఆన్‌ఈవెంట్‌లో నీ లెక్కపెట్టే ఫంక్షన్ పెట్టు. ఒకేసారి మూడు సంచుల్లో మార్పులు జరిగినా అవన్నీ పూర్తయ్యాకే ఈ కబురు ఒక్కసారి వస్తుంది, అందుకే మామూలు బ్యాగ్ అప్‌డేట్ కంటే ఇది మేలు. మూలిక కోసిన క్షణానే అంకె మారుతుంది. పాతబడిపోతుందన్న నీ భయం కూడా తీరుతుంది.

భీమవరం నుంచి రాశావు కాబట్టి చెరువు లెక్కలో చెబుతాను. మా తమ్ముడు పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులు చూస్తాడు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గే వేళ అయితే రొయ్య దక్కదు. మొదట్లో రాత్రంతా గంటకోసారి లేచి టార్చిలైటు వేసుకుని గట్టు మీదకి వెళ్లి వచ్చేవాడు. ఇప్పుడు స్టార్టర్ పెట్టెకి సిమ్ వేసి ఉంటుంది, కరెంటు పోయినా వచ్చినా ఫోన్ మోగుతుంది. అది ఈవెంట్. చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో మాత్రం ఏ పెట్టే చెప్పదు, మేత వేసిన రెండు గంటలకి వెళ్లి ట్రే లేపి చూడాల్సిందే. అది టికర్. మరి ప్రతి ఫ్రేముకీ అనేది ఎప్పుడు? వల విసిరేటప్పుడు. చెయ్యీ కన్నూ ఒక్క క్షణం కూడా పక్కకి పోకూడదు. తెర మీద నిండుతూ జరిగే పట్టీ, మౌస్ వెంట కదిలే బొమ్మ, మెల్లగా మసకబారే అక్షరం, ఇవీ ఆన్‌అప్‌డేట్‌కి తగిన పనులు. కన్ను పట్టుకునే కదలిక ఉంటేనే అది కావాలి.

నా యాడాన్‌ని కూడా ఆ వారమే మార్చాను. యూనిట్ ఆరా అనే ఈవెంట్ వచ్చినప్పుడు, ఎవరి మంత్రం మారిందో వాళ్లని మాత్రమే చూసేలా రాశాను. తర్వాతి శనివారం ఎవరి స్క్రీనూ ఆగలేదు.

ఒకటి గుర్తుంచుకో. ప్రతి ఫ్రేములో కొత్త టేబుల్ (లువాలో విలువలు దాచుకునే జాబితా) తయారుచేసి వదిలేయడం కూడా ఇలాంటి దండగే. వదిలేసిన టేబుళ్లని లువా తర్వాత ఊడ్చుకోవాలి, ఆ ఊడ్పు పని కూడా ఫ్రేము కాలంలోంచే పోతుంది. టేబుల్‌ని ఫంక్షన్ బయట ఒక్కసారి చేసి పెట్టుకుని, ఖాళీ చేసి మళ్లీ వాడు.

ప్రశ్న: ఆన్‌అప్‌డేట్‌లోనే శత్రువు దగ్గరికి రాగానే మంత్రం దానంతటదే వేసేలా రాయొచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, తణుకు

జవాబు: కుదరదు బాబూ. 2006 డిసెంబరులో వచ్చిన 2.0 ప్యాచ్ నుంచి మంత్రం వేయడం, శత్రువుని ఎంచుకోవడం లాంటి పనులకి కాపలా పెట్టారు. మనిషి నిజంగా కీబోర్డో మౌసో నొక్కితేనే అవి జరుగుతాయి. యాడాన్ కోడ్ సొంతంగా పిలిస్తే ఆట అడ్డుకుంటుంది. ఇది మంచి నిర్ణయమనే నా నమ్మకం. ఆట మనిషే ఆడాలి. బయట ప్రోగ్రాములతో దొడ్డిదారి వెతకొద్దు, అకౌంట్ పోతుంది.

ప్రశ్న: మేడమ్, నేను యాడాన్లు కాదు, యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో సొంత గేమ్ చేస్తున్నాను. కాలవలో పడవ పోతుంటే గుర్రపుడెక్క అడ్డొస్తుంది, స్పేస్‌బార్ నొక్కితే పడవ ఎగిరి దాటాలి. భౌతిక లెక్కలన్నీ ఫిక్స్‌డ్‌అప్‌డేట్‌లో రాయమన్నారని కీ నొక్కడం చూసే కోడ్ కూడా అందులోనే రాశాను. నాలుగైదుసార్లు నొక్కితే ఒకసారి ఎగరడం లేదు. కీబోర్డు మార్చినా అంతే.
– రావులపాలెం నుంచి ఒక పాఠకుడు

జవాబు: గుర్రపుడెక్క మీద గేమ్ అనగానే ప్రాణం లేచొచ్చింది. మా ఇంటి ముందు కాలవలో దాన్ని చూడని రోజు లేదు. నీ కీబోర్డు బాగానే ఉండి ఉంటుంది.

యూనిటీలో అప్‌డేట్ ప్రతి ఫ్రేముకీ ఒకసారి నడుస్తుంది. ఫిక్స్‌డ్‌అప్‌డేట్ ఫ్రేములని పట్టించుకోదు. మనం మార్చకపోతే ఆట కాలంలో 0.02 సెకనుకి ఒకసారి, అంటే సెకనుకు 50 సార్లు నడుస్తుంది. నీ గేమ్ సెకనుకు 60 ఫ్రేములు గీస్తుంటే కొన్ని ఫ్రేములలో ఫిక్స్‌డ్‌అప్‌డేట్ అసలు నడవదు. గేమ్ నెమ్మదించి 20 ఫ్రేములే గీస్తుంటే ఒక్కో ఫ్రేములో రెండు మూడుసార్లు నడుస్తుంది. ఇప్పుడు గెట్‌కీడౌన్ సంగతి చూడు. కీ కిందకి నొక్కిన ఆ ఒక్క ఫ్రేములోనే అది "అవును" అంటుంది, తర్వాతి ఫ్రేముకల్లా "కాదు" అంటుంది. నువ్వు నొక్కిన ఫ్రేములో ఫిక్స్‌డ్‌అప్‌డేట్ నడవకపోతే ఆ "అవును"ని వినేవాళ్లే లేరు. ఎగరకపోయేది అప్పుడే.

కీ నొక్కడం అప్‌డేట్‌లో చూడు. నొక్కితే "ఎగరాలి" అనే, ట్రూ లేదా ఫాల్స్ మాత్రమే దాచుకునే బూలియన్‌ని ట్రూ చేసి పెట్టు. ఫిక్స్‌డ్‌అప్‌డేట్‌లో అది ట్రూ అయితే పడవకి బలం ఇచ్చి, వెంటనే ఫాల్స్ చేసెయ్. ఉత్తరం డబ్బాలో వేసినట్టు, పోస్ట్‌మ్యాన్ ఎప్పుడు వచ్చినా తీసుకెళ్తాడు. పడవ వెంట కెమెరా నడిపే కోడ్ ఉంటే అది లేట్‌అప్‌డేట్‌లో పెట్టు. అందరి అప్‌డేట్‌లూ అయ్యాకే అది నడుస్తుంది కాబట్టి పడవ కొత్త చోటికి చేరిన తర్వాతే కెమెరా కదులుతుంది, బొమ్మ వణకదు.

పక్క ఊరి మిత్రులెవరైనా గోడో ఇంజిన్‌లో చేస్తుంటే వాళ్లకీ ఇదే జత ఉంది. ప్రాసెస్ ఫ్రేముకొకసారి, ఫిజిక్స్ ప్రాసెస్ మామూలుగా సెకనుకు 60 సార్లు. రెండింటికీ గడిచిన కాలం డెల్టా అనే పేరుతో అందుతుంది. డెల్టా మనుషులం, ఆ పేరు మర్చిపోయే పని లేదు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రాత్రిళ్లు ఆట ఆడుతున్నాడని తిడితే "ఆడటం లేదమ్మా, కోడ్ రాస్తున్నాను" అంటున్నాడు. ల్యాప్‌టాప్ ఫ్యాను మిల్లులా మోగుతోంది, అడుగున చెయ్యి పెడితే కాలుతోంది. సెకనుకు వందసార్లు ఏదో నడుస్తుందని చెప్పాడు. పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంతకీ వాడు నేర్చుకునేది పనికొచ్చేదేనా?
– గృహిణి, అమలాపురం

జవాబు: మీ టెన్షన్ నాకు అర్థమైందండీ. ముందు ల్యాప్‌టాప్ సంగతి. హద్దు పెట్టకపోతే ఆట తనకి చేతనైనన్ని ఫ్రేములు గీస్తూ పోతుంది. తెర సెకనుకు 60 మాత్రమే చూపించగలిగినా లోపల 100 గీస్తూ ఉండొచ్చు. ఆ అదనపు శ్రమే వేడి. ఆట సెట్టింగుల్లో గ్రాఫిక్స్ కింద మ్యాక్స్ ఫోర్‌గ్రౌండ్ ఎఫ్‌పీఎస్ అని ఉంటుంది, దాన్ని 60 చేయమనండి (ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు వచ్చే ఫ్రేములు). పక్కనే మ్యాక్స్ బ్యాక్‌గ్రౌండ్ ఎఫ్‌పీఎస్ ఉంటుంది, కోడ్ రాసుకునేందుకు వేరే విండోకి వెళ్లినప్పుడు వర్తించేది అది. దాన్ని 30 చేయమనండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టించండి, పరుపు గాలి కన్నాలని మూసేస్తుంది. చాలావరకు ఆ మోత తగ్గుతుంది.

ఇక చదువు సంగతి. మీ అబ్బాయి రాస్తున్న లువా భాష 1993లో బ్రెజిల్ దేశంలో, రియో డి జెనీరోలోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు. దానికి ముందు వాళ్లే చేసిన ఇంకో చిన్న భాష పేరు సోల్, అంటే సూర్యుడు. ఆ తొలి ప్రయత్నాలు ఆ దేశపు చమురు సంస్థ పెట్రోబ్రాస్‌లో ఇంజనీర్లు లెక్కలు ఎక్కించుకోవడానికి చేసినవి. మీ కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఓఎన్‌జీసీ రిగ్గులు చూస్తూ పెరిగిన పిల్లవాడు, అక్కడి చమురు పనిలోంచి పుట్టిన భాషని ఇక్కడ నేర్చుకుంటున్నాడు. నాకు ఇది తలుచుకుంటే ఎంతో సంతోషంగా ఉంటుంది. ప్రతి ఫ్రేముకీ పిలిపించుకోవడం, గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకోవడం ఒక్క ఆటలకే కాదు, వెబ్‌సైట్లలో కదిలే బొమ్మలకీ రోబోలకీ కూడా అవసరమే. పనికొచ్చే చదువేనమ్మా.

నిద్ర చెడగొట్టుకోవడం మాత్రం వద్దు, ఆ విషయంలో నేను మీ వైపే. తిట్టే ముందు ఒకసారి వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. "సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూపించు, నీ యాడాన్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి" అని అడగండి. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కితే తెర మీద ఆ అంకె వస్తుంది. యాడాన్ పెట్టినప్పుడు అంకె బాగా పడిపోతుంటే, పైన భీమవరం కుర్రాడికి రాసిన జవాబు వాడి చేత చదివించండి. ఏం మార్చాడో, మార్చాక అంకె ఎంతకి పెరిగిందో వచ్చే నెల ఉత్తరంలో వాడినే రాయమనండి.